ముల్లు నిటారుగానే ఉంది

ఎండకాలం ఏడో నెల, సోమవారం
మనసు: సరిపోయే గడి లేదు

ట్రిప్పు ముగిశాక ప్రతి డ్రైవరూ తన సొంత మాటల్లో నాలుగు ముక్కలు రాయాలని డిపోలో కొత్త నియమం పెట్టారు. పైన మనసు ఎలా ఉందో గడి కొట్టాలట. ప్రశాంతం, సంతోషం, అలసట. ఈ మూడే ఇచ్చారు. ఈరోజు నాకున్నది ఈ మూడింట్లోనూ లేదు. అయోమయం అని పక్కన నేనే రాసి, దానికో గడి గీసి, కొట్టాను. తప్పయితే దిద్దుకోండి.

నా పేరు సుంకులమ్మ. ఆదోని నుంచి గుత్తికి పగటి బస్సు నడుపుతాను. రాత్రి రోడ్డంతా మనిషి లేని సరుకు లారీలది, వాటి మధ్యకు మనం పోకూడదు. పగలేమో ఎండ మనది కాదు. అయినా జనానికి ప్రయాణాలు తప్పవు కాబట్టి నా ఉద్యోగం నిలిచింది.

పొద్దున బండి ఎక్కేసరికి నా ఎదురుగా ఉండాల్సిన గుండ్రటి మీటర్లు లేవు. వాటి చోట నల్లటి పలక ఒకటి బిగించారు. దాని పేరు నెమ్మది బోర్డట. స్పీడుకొక నంబరు, బ్యాటరీకొక నంబరు, మజ్జిగ బలానికొక నంబరు. మజ్జిగంటే పైకప్పు గొట్టాల్లో తిరిగే చల్లటి ద్రావణం. తెల్లగా ఉంటుందని మేమంతా అలాగే పిలుస్తాం. చక్రం తిరిగితేనే మజ్జిగ తిరుగుతుంది, మజ్జిగ తిరుగుతున్నంత సేపే బస్సులో మనిషి బతుకుతాడు.

నిజం చెప్పాలంటే నంబర్లు బాగున్నాయి. బ్యాటరీ ఇంకెంత దూరం వస్తుందో లెక్కగట్టి చూపిస్తుంది. స్పీడు చూడ్డానికి నేను కళ్లద్దాల కోసం తడుముకోనక్కర్లేదు. ఒక్క మజ్జిగ మీటరు మాత్రం పాతది అలాగే మూల ఉండిపోయింది. దాని వెనకున్న సన్నటి రాగి గొట్టం నేరుగా మజ్జిగలోకే పోతుంది. దాన్ని పీకాలంటే మజ్జిగంతా దించాలి, ఫిట్టరుకు బద్ధకమేసి వదిలేశాడు.

ఆ మీటరు వంకరగా ఉంటుంది. నాకు ముందు ఈ బండి నడిపిన పెద్దాయన కావాలనే తిప్పి బిగించాడు. అంతా బాగుంటే ముల్లు నిటారుగా నిలబడేలా అన్నమాట. అంకెలు చదివే పని లేదు, కంటి కొసనుంచి చూస్తే చాలు. ఈ రూట్లో పాత డ్రైవర్లందరిదీ అదే పద్ధతి. బయల్దేరేముందు వేలి కణుపుతో అద్దం మీద ఒక్కటి కొట్టి ముల్లును లేపడం కూడా పద్ధతే. అంకెలు ఎప్పుడో ఎండకు చెరిగిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఈరోజు బోర్డు మీద మజ్జిగ అరవై రెండు. ముల్లు నిటారు. రెండూ ఒకే మాట చెబుతున్నాయి కదా, మరి నేను రోజంతా రెంటినీ ఎందుకు చూస్తూ కూర్చున్నానో నాకే తెలియలేదు.

ఎండకాలం ఏడో నెల, గురువారం
మనసు: అయోమయం (గడి నాదే)

పొద్దున్నే అద్దం తుడిచాను, తలుపు రబ్బర్లకు నూనె రాశాను, మంచినీళ్ల క్యాను నింపాను. కండక్టరు దస్తగిరి మామ దుప్పట్లు లెక్కపెట్టి సీట్ల కింద పెట్టాడు. అవి దారిలో బండి ఆగితే తడిపి తలమీద కప్పుకోవడానికి. ఆయన ఈ రూట్లో నా పెళ్లికి ముందు నుంచీ ఉన్నాడు.

శేషమ్మ ఎక్కింది. ప్రతి గురువారం గుత్తి ఆస్పత్రికి వస్తుంది, నెలలు నిండుతున్నాయి. సరిగ్గా నా వెనక సీట్లో కూర్చుని దారి పొడవునా నా పని నాకు నేర్పిస్తుంది.

పత్తికొండ దాటాక దిగుడులో ముల్లు వణికింది. పడిపోలేదు, పైకీ పోలేదు. నిటారుగా ఉన్నచోటే ఉండి వణికింది. బోర్డు చూశాను, అరవై రెండు. ముల్లు చూశాను, అదే చోటు, కానీ వణుకుతోంది. చదును రాగానే ఆగిపోయింది. లెక్క ఒకటే అయినప్పుడు వణుకు ఎక్కణ్ణుంచి వచ్చింది? లెక్క తప్పయితే భయపడొచ్చు, ఒప్పయితే ఊరుకోవచ్చు. ఒప్పే గానీ వణుకుతోంది అంటే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

నా మొహం అద్దంలో చూసి శేషమ్మ తగులుకుంది. "అక్కా, నువ్వు మొగమట్ల పెట్టుకుంటే నా కడుపులోది అడ్డం తిరుగుతాది."

దిగాక దస్తగిరి మామకు చెప్పాను. ఆయన నవ్వి తన చెయ్యి చాచి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "ముసిలిది కదా పాపా. నేను వణకడంల్యా? అయినా టికెట్లు కరెట్టుగానే కొడతాండా."

ఎండకాలం ఏడో నెల, శుక్రవారం
మనసు: అయోమయం, కొంచెం కోపం

డిపో ఇంజనీరు హరిణి మేడమ్‌కు చెప్పుకున్నాను. మంచి మనిషి. కూర్చోబెట్టి, చల్లటి నీళ్లిచ్చి, అంతా విన్నది. తర్వాత బండి దగ్గరికి వచ్చి చూసింది. నంబరు ఆ క్షణానిది కాదట, కొద్దిసేపటి లెక్కల సగటట. రోడ్డు గుంతకూ దిగుడుకూ బలం ఊగుతూనే ఉంటుందట, ఆ ఊగుడంతా డ్రైవరు చూస్తే బెదురుతాడని దాన్ని సర్ది చూపిస్తారట.

"సుంకులమ్మగారూ, ముల్లు వణుకుతుంది. నంబరు వణకదు. మీకు ఏది కావాలి?" అని అడిగింది.

వణకనిది కావాలనే ఎవరైనా అంటారు. నేనూ అదే అన్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ జవాబు నాది కాదేమో అనిపిస్తూనే ఉంది.

పోతూ పోతూ మేడమ్ ఒక సాయం చేసింది. మీటరు వంకరగా ఉండటం, దాని మీది కంపెనీ గుర్తు పక్కకు ఒరిగి ఉండటం చూసి, పాపం ఎవరూ పట్టించుకోలేదనుకుంది. ఫిట్టర్ని పిలిచి చుట్టూ ఉన్న రింగు వదులు చేయించి, తన చేత్తోనే మీటరును చక్కగా తిప్పి బిగించింది. గుర్తు నిటారుగా నిలబడింది. ముల్లు ఎడమకు ఒరిగి పడుకుంది. నేను వద్దనే లోపే అయిపోయింది, పైగా థాంక్యూ కూడా చెప్పాను. మేడమ్ బిగించినదాన్ని ముట్టుకోనని ఫిట్టరు అన్నాడు, మళ్లీ అలాగే తిప్పడం నావల్ల కాలేదు.

ఎండకాలం ఏడో నెల, మళ్లీ సోమవారం
మనసు: అయోమయం. ఇకనుంచి ఇదే అనుకోండి

పడుకున్న ముల్లును చూస్తూ బస్సు నడపడం ఎలా ఉంటుందో ఆఫీసులో వాళ్లకు చెప్పలేను. ఇన్నేళ్లూ ఆ ముల్లు పడుకుందంటే మజ్జిగ పోయిందనే అర్థం. ఇప్పుడు పడుకుంటేనే బాగున్నట్టట. తలకు తెలుసు, కాలికి తెలియదు. ఈరోజు రెండుసార్లు కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. వెనక జనం ముందుకు తూలారు, ఒకాయన నన్ను తిట్టాడు, తప్పు నాదే కాబట్టి ఊరుకున్నాను.

ఆపితే ఏమవుతుందో మాకు తెలుసు. పోయినేడు బజారప్ప అనే డ్రైవరు ఏదో అనుమానం వచ్చి తుగ్గలి నీడిల్లు దగ్గర బస్సు ఆపాడు. నీడిల్లంటే రోడ్డు పక్కన భూమిలోకి తవ్విన చల్లటి గది, ఆపదకని కట్టినవి. బస్సు తలుపుకూ దాని తలుపుకూ మధ్య ఇరవై అడుగులు కూడా లేదు. ఒక ముసలాయన ఆ ఇరవై అడుగులు దాటలేకపోయాడు. చివరికి చూస్తే బండికి ఏ జబ్బూ లేదు. బజారప్పకు పర్మిట్ పోయింది, అది పెద్ద విషయం కాదు. ఆ మనిషి ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడడు.

అందుకని ఊరికే ఆపకూడదు. ఆపకుండా మజ్జిగ నడిదారిలో పోతే, తుగ్గలి దాటాక గుత్తిదాకా ఇంకో నీడిల్లు లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ముల్లు మీద అట్ట అతికించమన్నాడు దస్తగిరి మామ. కనపడకపోతే కాలు అదుపులో ఉంటుందని ఆయన లెక్క. అతికించాను. పత్తికొండ రాకముందే పీకేశాను. చూస్తే ఒక బాధ, చూడకపోతే రెండు.

ఎండకాలం ఎనిమిదో నెల, గురువారం
మనసు: తర్వాత రాస్తాను

నీడిల్లులో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే క్షమించండి.

ఈ నెలంతా వణుకు వస్తూ పోతూనే ఉంది. దిగుడులో రావడం, చదునులో ఆగడం. నేనూ అలవాటు పడ్డాను. పొద్దున శేషమ్మ బిడ్డతో ఎక్కింది. పురుడు పోసుకుని పక్షం కూడా కాలేదు, ఆడపిల్ల, గుత్తిలో సూది వేయించాలట. పేరు ఇంకా పెట్టలేదు, నువ్వే పెట్టక్కా అంది. దారిలో ఆలోచిస్తానన్నాను.

పత్తికొండ దిగుడులో ముల్లు వణికింది. మామూలే అనుకున్నాను. చదును వచ్చింది. వణుకు ఆగలేదు. కణుపుతో కొట్టాను, అయినా ఆగలేదు. మెల్లగా ఊపు పెద్దదైంది, ఎసరు పొంగేముందు గిన్నె మీద మూత కొట్టుకున్నట్టు. బోర్డు మీద అరవై రెండు. బస్సు లోపల చల్లగానే ఉంది. ఎవరికీ ఏమీ తెలియదు, వెనక ఎవరో పల్లీలు ఒలుచుకు తింటున్నారు.

దస్తగిరి మామను పిలిచాను. తుగ్గలి నీడిల్లు కనపడే దూరంలోకి వస్తోంది.

"నంబరెంతుండాది?" అని అడిగాడు.

అరవై రెండన్నాను. మరి ముల్లు ఏమంటోందన్నాడు. అదీ అక్కడే ఉంది, కానీ అక్కడ నిలవడం లేదన్నాను.

"నీకేమనిపిస్తాండాది పాపా?"

"తెలీదు మామా."

"తెలీకుంటే ఆపాకు," అన్నాడు. బజారప్ప సంగతి ఆయన మనసులో ఉందని నాకు తెలుసు. తర్వాత వెనక్కి తిరిగి శేషమ్మ ఒళ్లోకి చూశాడు. "తెలీకుంటే పోనూ వద్దు," అన్నాడు. ఇంక నాకు సాయం చేయడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

నేను ధైర్యంగా నిర్ణయించానని ఎవరైనా రాస్తే నమ్మకండి. నాకు అప్పుడూ ఏమీ తేలలేదు. ఒక్కటే తట్టింది. నిటారా పడకా అన్నది మేడమ్ తిప్పేసింది, ముల్లు ఎక్కడుండాలో నాకిప్పుడు తెలియదు. కానీ వణుకును తిప్పడం ఎవరి చేతా కాలేదు. అది పెద్దాయన వంకరలోనూ వణుకే, మేడమ్ చక్కదనంలోనూ వణుకే. కాలు బ్రేకు మీదికి పోయింది, ఈసారి నేనూ దానితోపాటే పోయాను.

దుప్పట్లు తడిపి కప్పాము. తలుపు తీయగానే వేడి మొహాన్ని తోసింది. ముసలివాళ్లను ముందు పంపించాడు దస్తగిరి మామ, ఒక్కొక్కరి వీపు మీద చెయ్యి వేసి నడిపిస్తూ. శేషమ్మ లేవలేదు. బిడ్డను దుప్పట్లో చుట్టి నాకు అందించింది.

"ఆపింది నువ్వు. దాటించేదీ నువ్వే."

దాన్ని గుండెకు అదుముకుని నడిచాను. పరిగెత్తకూడదు, పరిగెత్తితే ఊపిరి కాలుతుంది. ఆ కాస్త దూరంలో నేను వేరే ఏమీ ఆలోచించలేదు. ముల్లుదే తప్పయితే ఈ బిడ్డకు ఏమని చెప్పుకోవాలి అని మాత్రం అనుకుంటూ పోయాను. నీడిల్లు తలుపు మూసుకున్నాక దుప్పటి విప్పితే అది ఆవులించింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

అందరూ దాటారు. నేను దుప్పటి కప్పుకుని మళ్లీ బండి దగ్గరికి వెళ్లాను, చూడకుండా ఉండలేక. బండి కింద తెల్లగా మడుగు కట్టింది. గొట్టం పగిలి మజ్జిగ ధారగా కారుతోంది, రోడ్డు తాకిన చోట బుడగలు వస్తున్నాయి. లోపలికి తొంగి చూశాను. ముల్లు ఊగడం మానేసి అడుగున పడిపోయింది.

బోర్డు మీద అరవై రెండు.

ఎండకాలం ఎనిమిదో నెల, చివరి మంగళవారం
మనసు: అయోమయం

విచారణ అయింది. అంతవరకు నా పర్మిట్ ఆపి ఉంచారు. హరిణి మేడమ్ దాచకుండా అన్నీ చెప్పింది. గొట్టంలో నెర్రె పడి నెల నుంచీ గాలి లాక్కుంటోందట. ఆ బుడగలే ముల్లును వణికించాయి, సగటులో అవి కనపడలేదు. చివరికి లెక్క అందడమే మానేసింది. లెక్క అందనప్పుడు బోర్డు చివరి మంచి నంబరును పట్టుకుని చూపిస్తూ ఉంటుందట, డ్రైవరు బెదరకూడదని. బోర్డు చెడిపోలేదు, చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

అయితే అది చూపించింది అబద్ధమా అని అడిగాను. కాదంది, పాత నిజమంది. ఆమె మొహం చూస్తే నా కంటే తక్కువ అయోమయంలో ఏమీ లేదు. రాత్రుళ్లు ఆ బిడ్డ గుర్తొస్తోందని కూడా చెప్పింది. నాకు కోపం నిలవలేదు.

పర్మిట్ తిరిగిచ్చారు. ముల్లు వల్లనే ప్రాణాలు దక్కాయని ఒప్పుకుని, డ్రైవర్ల మాట విన్నామని, అన్ని బస్సుల్లోనూ ముళ్లు పెడతామని ప్రకటించారు. దస్తగిరి మామ డిపో అంతా తిరిగి మిఠాయి పంచాడు. కొత్తవి వస్తున్నాయని మిగిలిన పాత మజ్జిగ మీటర్లను పీకి పాత సామాన్ల గదికి పంపుతుంటే, నా బండిది మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. టికెట్ల కట్ట గాలికి ఎగరకుండా దాని మీద బరువుగా పెట్టుకుంటాడట.

ఎండకాలం తొమ్మిదో నెల, గురువారం
మనసు: చివర్లో చూడండి

మాట నిలబెట్టుకున్నారు. పొద్దున బండి ఎక్కితే ఎదురుగా ముళ్లే. గుండ్రటి మీటర్లు, ఎర్ర ముళ్లు, వెనక చిన్న వెలుగు. అన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. మా పద్ధతి అడిగి తెలుసుకుని మరీ అలా పెట్టారు. అద్దం మీద కణుపుతో కొట్టాను. మజ్జిగ ముల్లు అటు ఇటు ఊగి నిటారుగా నిలబడింది. పుట్టింటికి వచ్చినట్టు అనిపించింది, అబద్ధమెందుకు.

జనం ఎక్కుతూ ముందుకొచ్చి ముల్లు చూసిపోతున్నారు. తుగ్గలి కథ ఊళ్లన్నీ తిరిగింది, ఇప్పుడు ముల్లు చూడకుండా ఎవరూ సీట్లో కూర్చోవడం లేదు. శేషమ్మ బిడ్డతో వచ్చింది. నేను పెట్టలేకపోయిన పేరు వాళ్లే పెట్టుకున్నారు, నీడమ్మ అని. అది నా వేలు పట్టుకుని వదల్లేదు.

ఇంకోసారి కొట్టాను, ఊరికే, ముద్దు కొద్దీ. ముల్లు అటు ఇటు ఊగి నిలబడింది. ఇందాకటి లాగే. మళ్లీ కొట్టాను, ఈసారి కొంచెం గట్టిగా. సరిగ్గా అంతే ఊగి నిలబడింది. గోటితో అలా తాకాను. అంతే. చెయ్యి పక్కకు పెట్టి చూశాను. గుండ్రం మీద ఎక్కడా అంచు లేదు, అద్దం కింద లోతు లేదు. అది పలక మీది బొమ్మ.

బొమ్మయితే మాత్రం ఏం, లెక్క చెబితే చాలు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అప్పుడు కిటికీలోంచి ఫిట్టరు కనిపించాడు, మజ్జిగ పోసే గొట్టం భుజాన వేసుకుని తాపీగా వస్తున్నాడు. బయల్దేరే వేళకు ఇప్పుడెందుకు తెస్తున్నావని అడిగాను. రాత్రి తొట్టి కడిగామన్నాడు.

"ఇంగా పొయ్యలేదుక్కా. తొట్టి కాలీగుండాది."

ముల్లు నిటారుగానే ఉంది.

హరిణి మేడమ్‌కు ఫోను చేశాను. బండి కదిలి కొత్త లెక్క అందేదాకా అది నిన్నటిదే చూపిస్తుందని, కదిలాక అంతా సరైపోతుందని చెప్పింది. ఖాళీ తొట్టితో కదిలితే ఏ లెక్క అందుతుంది మేడమ్, ఈ ట్రిప్పు ఆపండి అన్నాను. ట్రిప్పు ఆపే అధికారం తనకు లేదంది.

శేషమ్మ వెనకనుంచి వంగింది. "ముల్లు బాగుందా అక్కా?"

బస్సంతా నా జవాబు కోసం చూస్తోంది. ఇన్ని నెలల్లో మొదటిసారి, ఏం చెప్పాలో నేను వెతుక్కోలేదు.

"ముల్లు బాగుంది. బండిలో మజ్జిగ లేదు. అందరూ దిగండి," అన్నాను.

డిపో కప్పు కిందికి దిగారు, గొణుక్కుంటూనే. ఈ మాటకు నా పర్మిట్ పోవచ్చు. ఈసారి తిరిగి రాకపోవచ్చు కూడా. దస్తగిరి మామ టికెట్ల కట్ట మీది పాత మీటరు తీసి, చొక్కాతో తుడిచి, నా చేతిలో పెట్టాడు. దాన్ని ఫిట్టరుకు ఇచ్చి, మజ్జిగ పోసేముందు రాగి గొట్టానికి కలిపి మూలన బిగించమన్నాను. ఇది అయ్యేదాకా బండి కదలదని చెప్పాను. వాడు ఆఫీసు వైపోసారి, నా వైపోసారి చూసి, చివరికి పానా తీశాడు.

ఈ కాగితం మీద ఇవాళ కొత్తగా నాలుగో గడి అచ్చు వేయించారు. అయోమయం అని, నా మాటే. అది ఖాళీగా వదిలేస్తున్నాను.

ఫిట్టరు మీటరును చోట్లో పెట్టి, కంపెనీ గుర్తు పైకి వచ్చేలా సర్ది, "ఇట్ల సక్కగా బిగించల్లనా అక్కా?" అని అడిగాడు.

"వంకరగా," అన్నాను. "మజ్జిగ పోసినాక నేను సూపిస్తా, ఎంత వంకరో."